మంచానికి కట్టిన తాడు

పొద్దున్నే నాన్నకు ముఖం తుడిచి, మాత్రలు మింగించి, మంచం ఏ గదిలో ఉందో చూసుకుని ఆఫీసుకి పరుగెత్తడం ఆమెకు అలవాటు. వీధిలో ఆమెని సైరన్ అంటారు. వరదలొచ్చినా గాలివాన ముంచుకొచ్చినా జనం ఫోన్లకు కబురందించే యాప్ ఒకటుంది. అందులో హెచ్చరికలు రాసి పంపేది ఆమే.

నాన్న ఒకప్పుడు బళ్లో డ్రిల్లు మాస్టారు. నడుం కింద చచ్చుబడి ఆరేళ్లయింది. ఆయన కాళ్లు ఆగిపోయిన నెలకే ఆయన ఇనప మంచం నడవడం మొదలుపెట్టింది. ఎండ కోసం వసారాలోకీ, గాలి కోసం కిటికీ దగ్గరికీ ఆయన్ని మోసుకు తిరిగేది. నది పొంగే ముందు మాత్రం గుమ్మం దాటి, వీధి చివర మిట్ట మీదున్న బడికి వెళ్లి నిలబడేది. రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ వరదొచ్చింది. అప్పట్నుంచి వీధివాళ్లు బట్టలారేయాలన్నా ముందు "మాస్టారి మంచం ఎక్కడుంది?" అని అడుగుతున్నారు.

సైరన్‌కు ఒళ్లు మండేది అక్కడే. పోయిన నెల ఆమె పంపిన హెచ్చరిక తప్పయింది. ఒక్క చినుకు రాలలేదు. పదకొండు వేలమంది యాప్ తీసి పారేశారు. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని ఇన్‌చార్జి మొహమ్మీదే చెప్పాడు. ఆ సాయంత్రం పక్కింటి కుట్టుమెషిన్ అత్త, "నీ యాప్ కంటే మీ నాన్న మంచమే నయం" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట సైరన్‌కు ముల్లయి గుచ్చుకుంది.

ఇప్పుడు మూడు రోజులుగా మంచానికి స్థిమితం లేదు. గుమ్మం దాకా వెళ్తుంది, ఆగుతుంది, వెనక్కొస్తుంది, మళ్లీ బయల్దేరుతుంది. నిన్న ద్వారబంధానికి కొట్టుకుని నాన్న భుజం కమిలిపోయింది. అందుకని ఈ పొద్దున ఆమె బట్టలారేసే నైలాన్ తాడు తెచ్చి, మంచం ముందుకాలిని కిటికీ ఊచకి బిగించి కట్టేసింది. నాలుగు ముళ్లు.

"కట్టకే," అన్నాడు నాన్న. "అది ఊరికే తిరిగే రకం కాదు."

"నది మట్టం నాలుగు మీటర్ల దగ్గరుంది నాన్నా. ఆరు దాటితే కదా ప్రమాదం! నీ మంచం కంటే నదిలో పాతిన మా కొలబద్దకి బాగా తెలుసు."

"కొలబద్దకి కాళ్లున్నాయా?"

"లేవు. అందుకే అది నీ భుజం పగలగొట్టలేదు."

ఆయన నవ్వేశాడు. వాదనలో కూతురు గెలిస్తే ఆయనకి ఎప్పుడూ గర్వమే. మంచం మాత్రం కాలు విదిల్చింది.

ఆఫీసులో తెర మీద నది నాలుగు పాయింట్ ఒకటి రెండు. పదింటికీ అంతే. పన్నెండింటికీ అంతే. చేతిలో టీ చల్లారిపోయింది. ఆమె లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"సార్, నిన్నట్నుంచి అంకె మారలేదు."

"నది కుదురుగా ఉంటే నీకేంటమ్మా బాధ?" అన్నాడు ఇన్‌చార్జి.

"ఎగువన మూడు రోజులుగా వాన సార్. అంత కుదురుగా ఎలా ఉంటుంది?"

"కొలబద్ద దగ్గరికి మనిషిని పంపాను. సాయంత్రానికి చూసొస్తాడు. అప్పటిదాకా నువ్వు ఏ మీటా నొక్కకు తల్లీ."

రెండింటికి కుట్టుమెషిన్ అత్త ఫోను. "ఏమే సైరన్, మంచాన్ని కట్టేశావా?"

"నాన్న భుజం కమిలింది అత్తా..."

"భుజం సంగతి తర్వాత! ఊచ వంగిపోయింది. గోడ పెచ్చులూడుతున్నాయి. మీ నాన్న 'ఆగు, ఆగు' అని డ్రిల్లు చేయించినట్టు అరుస్తున్నా వినట్లేదు. ముళ్లా ఇవి? ఏనుగునేమైనా కట్టావా?"

సైరన్ ఆ తాడు కట్టకపోతే నాన్న ఇప్పటికి బడి చేరి ఉండేవాడు. ఆయన్ని అక్కడ కట్టి పడేసింది తన చేతులే.

"నీ కత్తెరతో తెంచెయ్ అత్తా."

ఆ కత్తెర ఇరవై ఏళ్లుగా గుడ్డ తప్ప ఇంకేదీ ముట్టలేదు. దాంతో కాగితం కత్తిరిస్తానన్న మొగుడితో అత్త రెండు రోజులు మాట్లాడలేదు.

"సరే," అని అత్త ఫోను పెట్టేసింది.

సైరన్ హెచ్చరిక ఫారం తెరిచింది. 'సమాచారం ఇచ్చినది' అన్నచోట 'మంచం' అని కొట్టింది. వెనకనుంచి చూసి ఇన్‌చార్జి గుడ్లు తేలేశాడు.

"ఆ మంచం నడుస్తుందని నాకూ తెలుసమ్మా. కానీ జాబితాలో లేదు కదా!"

"చేర్చండి."

"చేర్చాలంటే మీటింగు పెట్టాలి! ఇది తప్పయితే రేపు నీ కుర్చీ ఉండదు."

"ఇది తప్పయితే నాకు కుర్చీ పోతుంది సార్. పంపకపోతే మా వీధి పోతుంది. మీరే చెప్పండి, ఏది బరువు?"

ఎప్పుడూ పంపే నీటిమట్టం వాక్యాలు చెరిపేసి రెండే ముక్కలు రాసింది: "మంచం బయల్దేరింది. దాని వెనకాలే బడికి వెళ్లండి." పంపేసి, మెట్లు రెండేసి చొప్పున దిగింది.

యాప్ ఉన్నవాళ్లు ఫోన్లో చూశారు. తీసేసినవాళ్లు రోడ్డు మీద ఇనుము ఠకఠకలాడటం, మాస్టారి విజిల్ విన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. గ్యాసు కట్టేసి, పిల్లల్ని చంకనెత్తుకుని మంచం వెనకాల నడిచారు. మూడూ నలభైకి నది వీధిలోకొచ్చింది. నాలుగింటికి ఇళ్ల కిటికీలు మునిగాయి. కొలబద్ద నిన్ననే ఒరిగి బురదలో కూరుకుపోయిందనీ, తెర ఆఖరి అంకెనే పట్టుకుని కూర్చుందనీ తర్వాత తెలిసింది.

సైరన్ రొప్పుతూ బడికి చేరేసరికి వరండాలో నాన్న మంచం మీంచే హాజరు వేస్తున్నాడు.

"ఇంటి నంబరు తొమ్మిది?"

"ఉన్నాం సార్!"

"పది?"

"ఉన్నాం. పిల్లి కూడా ఉంది సార్."

"పదకొండు?"

"ఉన్నా. కత్తెర మాత్రం పోయింది," అంది అత్త, సొట్టపడ్డ అంచు వేలితో తడుముతూ.

"పన్నెండు?"

అది వాళ్ల ఇల్లే. సైరన్ ఇంకా రొప్పుతూ జనాన్ని తోసుకుని ముందుకొస్తోంది. ఆయన తలెత్తి మళ్లీ అడిగాడు. "పన్నెండు?"

"ఉన్నాను నాన్నా."

"లేటు," అన్నాడు ఆయన.

అప్పుడే ఫోను మోగింది. ఇన్‌చార్జి.

"అమ్మా, రేపట్నుంచి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు."

"సరే సార్."

"పూర్తిగా విను. మంచం పక్కనే కుర్చీ వేసుకుని పని చెయ్యి. అది అడుగు వేసినప్పుడల్లా రాసి పంపు. మీటింగు అయిపోయింది, జాబితాలో చేర్చాం. దానికి తాడు కట్టకూడదని కూడా రాశాం."

ఆమె నేలమీద చతికిలపడింది. తెగిన తాడు ముక్క, నాలుగు ముళ్లతో, ముందుకాలికి ఇంకా వేలాడుతోంది. విప్పుదామని చెయ్యి చాచి, మధ్యలోనే ఆగిపోయింది.

మంచం ఆ కాలు ఎత్తి ఆమె ఒళ్లో పెట్టింది.