వీపు లేని బీరువా

నేను ఒక బీరువానే, కాకపోతే నాకు వీపు లేదు. ముందు నుంచి చూస్తే పెద్దింటి సామానులా ఉంటాను: రెండు తలుపులు, ఇత్తడి పిడులు, నిలువుటద్దం. వెనక్కి వచ్చి చూస్తే బట్టబయలు. బళ్ళారి వడ్రంగి మస్తాన్ సాబ్ నన్ను అట్లాగే చేశాడు, నాటకం వాళ్లు అట్లాగే అడిగారు కాబట్టి. జనం కూర్చునేది ఒక వైపే కదా, రెండో వైపు చెక్క దండగ. మనుషుల్లో కూడా చాలామందిది ఇదే డిజైన్ అని నాకు తర్వాత తెలిసింది.

నేను పుట్టింది ఒక కన్నడ నాటకం కోసం. కథ చిన్నదే. చావగొట్టే మొగుడు ఒకడు, పెళ్లాం మీద అనుమానంతో బీరువాలో దాక్కుంటాడు. ఆమె కనిపెట్టి బయట తాళం వేస్తుంది. అంతలో ఎస్సై వచ్చి కూర్చుంటాడు, కాఫీ ఇవ్వమ్మా అంటూ. లోపల వాడు తలుపు కొడతాడు. ఆమె రోట్లో మిరపకాయలు దంచుతుంది. వాడు కొట్టినప్పుడల్లా ఈమె దంచుతుంది, ఎస్సైకి రోకటి పోటు తప్ప ఇంకేమీ వినబడదు. మెల్లగా లోపలి చప్పుడు ఆగిపోతుంది. రోకలి మాత్రం ఆగదు. తెర.

మొగుడి వేషం పంపాపతిది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, అందుకని ట్రూపంతా మేష్ట్రు అనేవాళ్లు. పెళ్లాం వేషం ఆయన సొంత భార్య నాగవేణిది. ఇంట్లో తెలుగు, స్టేజీ మీద కన్నడం. బళ్ళారిలో అదేమీ వింత కాదు.

“ఇంట్లో చేయలేనిది ఈడ చేస్తాండావు గదక్కా,” అనేవాడు ఎస్సై వేషం వేసే కొట్రేశి.

“ఇంట్లో ఇంత పెద్ద బీరువా యాడుందప్పా,” అనేది ఆమె.

అసలు సంగతేమిటంటే, తాళం పడగానే మేష్ట్రు నా వెనక నుంచి బయటికి జారుకునేవాడు. తెర చాటున స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో నా పక్క చెక్క మీద కొడుతూ, రెండో చేత్తో టీ తాగేవాడు. అవతల జనం ఒక మనిషి ఊపిరాడక చావడం చూస్తూ బిగుసుకుపోయి ఉంటే, ఆ మనిషి ఇవతల టీలో బిస్కెట్టు ముంచుకుంటూ ఉండేవాడు. నిజానికి ఆయనకు ఉబ్బసం. నాలో ఉండమన్నా ఉండలేడు.

ఆ సీను నాగవేణిది. జనం చూసేది ఆమె మొహాన్నే. అది మేష్ట్రుకి గిట్టేది కాదు. అందుకని రాసినదానికంటే నాలుగు దెబ్బలు ఎక్కువే కొట్టేవాడు. ఆమె ఊరుకునే రకం కాదు, ఇంకో నాలుగు పోట్లు వేసేది. అది కాస్తా దరువుల పోటీ అయ్యేది. మిరపపొడి లేచి ముందు వరసల వాళ్లు తుమ్మేవాళ్లు. తెర పడ్డాక అసలు నాటకం మొదలు.

“సచ్చేవానికి అంత బలం యాడనుంచి వస్తాది మేష్ట్రూ?”

“నువ్వు దంచేది ఇంటే సచ్చినోడు గూడా లేస్తాడు.”

ఇట్లా ఏళ్ల తరబడి ఊళ్లన్నీ తిరిగాం. అప్పుడు బెంగుళూరు నుంచి చిరంతన్ అనే కుర్ర డైరెక్టరు వచ్చి నాటకం చూశాడు. దీన్ని థ్రిల్లర్ సినిమాగా తీస్తాను, ఈవిడే చెయ్యాలి అన్నాడు. మేష్ట్రుని కూడా తీసుకున్నాడు, ఆమె అడిగిందని. ‘ఆమె అడిగిందని’ అన్న ముక్కను ఎవరో పనిగట్టుకుని మేష్ట్రు చెవిన వేశారు. నన్ను కూడా తీసుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

షూటింగు సండూరు దగ్గర ఒక పాత బంగళాలో. నాటకానికీ సినిమాకీ తేడా నాకు మొదటి రోజే తెలిసొచ్చింది. కెమెరా ఒకచోట కూర్చునే ప్రేక్షకుడు కాదు, ఇల్లంతా తిరుగుతుంది. చిరంతన్‌కి ఆ సీను మొత్తం ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్‌లో కావాలి, కెమెరా నా చుట్టూ కూడా తిరగాలి. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు నా వెనక్కి వచ్చి చూసి నవ్వుకున్నారు. వీపు లేకపోవడం నాటకం వాళ్లకి ఫీచర్, వీళ్లకి బగ్. ఫిక్స్ చేసేశారు. ప్లైవుడ్డు కొట్టి, స్క్రూలు బిగించి, సందుల్లో పుట్టీ పెట్టి, లోపలా బయటా పాలిష్ వేసి, తలుపుకి నిజం తాళం అమర్చారు. ఇన్నేళ్లూ ఎందుకు లేదో ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున మేష్ట్రు నా లోపలికి తల పెట్టాడు. పాలిష్ వాసనకి దగ్గు తెర వచ్చింది.

“వద్దులే,” అంది నాగవేణి. “బయటనుంచే కొడుదువు. నేను చెప్తా వాళ్లకి.”

“నువ్వు చెప్తేనే ఈడికి వచ్చినా. ఇది గూడా నువ్వే చెప్పల్లా?”

“పీల్చే మందన్నా పెట్టుకున్నావా?” అంది ఆమె.

“పెట్టుకున్నాలే, పో.”

పెట్టుకోలేదు. ఆయన వేషం బనియను, లుంగీ. మందు చొక్కా జేబులో ఉంది, చొక్కా పక్క గదిలో మేకుకి వేలాడుతోంది.

యాక్షన్ అన్నారు. నాగవేణి తాళం వేసి తాళంచెవిని నడుముకి దోపుకుంది. కొట్రేశి టోపీ తీసి కూర్చున్నాడు. మేష్ట్రు మొదటి దెబ్బలు రాసినట్టే కొట్టాడు. ఆ తర్వాత, అలవాటు చొప్పున కాబోలు, వీపుతో వెనక్కి తోశాడు. వెనక చెక్క ఉంది. చేత్తో తడిమాడు. ఎటు తడిమినా చెక్కే. ఆయన రొమ్ములోంచి ఈల లాంటి చప్పుడు రావడం మొదలైంది. అప్పుడు గట్టిగా కొట్టాడు.

బయట నాగవేణి దవడ బిగుసుకుంది. మొదలుపెట్టాడు మళ్లీ, కెమెరా ముందు కూడా మానడు అనుకుని ఉంటుంది. రోకలి ఇంకా ఎత్తు లేపి వేసింది. ఆయన కొట్టాడు, ఆమె దంచింది. మానిటరు ముందు చిరంతన్ ముందుకు వంగాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత నిజంగా ఎవరు చేస్తారు అని పక్కవాడి చెవిలో అన్నాడు.

కట్ అని మేష్ట్రు ఒక్క కేక పెడితే సరిపోయేది. కానీ తెర పడేదాకా ఆట ఆపకూడదని నేర్చుకున్న మనిషి ఆయన. కూడ్లిగిలో స్టేజీ మీద తేలు కుడితే, డైలాగు పూర్తి చేశాక పడిపోయాడు. నా చెక్కలకి గొంతు ఉంటే నేనే అరిచేదాన్ని. చెక్క చప్పుడుని మోయగలదు, పుట్టించలేదు.

చివరికి ఆయన కొట్టడం మానేసి, “వేణీ,” అన్నాడు.

అది రోకటి పోటు కింద పడి నలిగిపోయింది. మళ్లీ అన్నాడు. ఈసారి రెండు పోట్ల మధ్య పడింది.

కథలో ఆ పెళ్లాం పేరు సరోజ. ఇన్నేళ్లలో స్టేజీ మీద ఆయన ఆమెను సొంత పేరుతో పిలిచింది లేదు. ఆమె చేతిలో రోకలి జారిపోయింది. పరుగెత్తుకుని వచ్చింది.

వచ్చింది నా వెనక్కి.

ఎన్ని ఆటల్లోనో ఆయన బయటికి వచ్చింది అటే. తెర పడగానే ఆమె తువ్వాలు పట్టుకుని వెళ్లేది అటే. కాళ్లు అటే తీసుకుపోయాయి. కొత్త ప్లైవుడ్డు మీద అరచేతులతో బాదింది, గోళ్లతో పట్టి లాగింది. “తియ్యండప్పా, ఎవురన్నా తియ్యండి,” అంటోంది, తెలుగులో. అంతా బొమ్మల్లా నిలబడ్డారు. అద్భుతమైన నటన చూస్తున్నవాళ్లు అట్లాగే నిలబడతారు. కెమెరా మాత్రం ఆమె వెనకే వచ్చి, ఆమె చేతుల్ని దగ్గరగా చూసింది.

ముందు తేరుకున్నది కొట్రేశి. “అక్కా, బీగంచెవి నీ నడుం కాడనే ఉండాది,” అని అరిచాడు.

తలుపు తెరిచేసరికి మేష్ట్రు ముందుకు పడ్డాడు. ఆమె ఒళ్లోనే పడ్డాడు. చొక్కా వెతికి మందు తెచ్చారు. పీల్చడానికి ఆయనలో ఊపిరి లేదు.

ఆ షాట్‌ని చిరంతన్ తన చేతులతోనే చెరిపేశాడు. చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదని కూడా విన్నాను. నమ్ముతాను. సినిమాని మాత్రం ఎవరూ చెరపలేదు. నెలలు గడిచాక మళ్లీ నన్ను అదే బంగళాలో దించారు. నాగవేణి కూడా వచ్చింది. బొట్టు మేకప్ వాళ్లు పెట్టాల్సి వచ్చింది. వెనకాల రకరకాలుగా అనుకున్నారు. ఎందుకొచ్చినావక్కా అని కొట్రేశి అడగనే అడిగాడు.

“ఆట సగంలో నిలిపేస్తే మీ మేష్ట్రు నన్ను బతకనిస్తాడా?” అంది.

వచ్చీరాగానే స్క్రూడ్రైవరు అడిగి తీసుకుంది. నా వీపుకున్న స్క్రూలన్నీ ఒక్కొక్కటిగా తనే తీసి, ప్లైవుడ్డు బయటికి ఈడ్చి పారేసింది. ఎవరూ వద్దనలేదు. కెమెరా ఈసారి ముందు నుంచే చూస్తుందని చిరంతన్ నేల చూస్తూ చెప్పాడు.

మొగుడి వేషానికి ధారవాడ నుంచి ఒక కొత్త నటుడిని తెచ్చారు. అతను నాలో నిలబడ్డాడు. యాక్షన్ అన్నారు. నాగవేణి తలుపులు మూసింది, తాళంచెవి దూర్చింది, ఆగింది. తలుపుల సందు దగ్గరికి మొహం తెచ్చి, స్క్రిప్టులో లేని మాట ఒకటి కన్నడంలో అడిగింది, మెల్లగా: “గాలి ఆడుతోందా?”

చిరంతన్ కట్ చెప్పలేదు. సినిమాలో ఆ మాట ఉంచేశాడు.

సినిమా విడుదలైంది. ప్రచారానికని నన్ను బళ్ళారిలో ఒక థియేటరు లాబీలో గోడకి చేర్చి నిలబెట్టారు. కుర్రాళ్లు నా లోపల దూరి, నాలుక బయటపెట్టి ఫోటోలు దిగుతున్నారు. ఆట వదలగానే జనమంతా నా పక్కనుంచే పోతారు.

“చంపేది చంపక గాలి ఆడుతోందా అని అడుగుతాది సూడు,” అంటోంది ఒకావిడ చెల్లెలితో. “ఎంత పాపిష్టి గుండె ఉండల్ల దానికి. నాకు అప్పుడే ఒళ్లు జలదరించింది.”

“ఆ మాట రాసినోడు రాచ్చసుడక్కా,” అంది చెల్లెలు.

గాలి ఆడుతోందా అన్నదానికి జవాబు సినిమాలో లేదు, ఎడిటింగులో తీసేశారు. షూటింగు రోజున మాత్రం ఆ నటుడు ముందు తికమకపడ్డాడు. తర్వాత లోపలి నుంచి, “ఆడుతోందమ్మా, బాగుంది,” అన్నాడు. అది విన్నాకే ఆమె తాళం తిప్పింది.