ఎర్రకారు మీద తొలి గీత

వెనెరాకు భయాలకు కరువు లేదు. చేపలు వండితే ముల్లు ఎవరి గొంతులో అడ్డం పడుతుందోనని భయం, వండకపోతే కొడుక్కి రక్తం పట్టదేమోనని భయం. ఫోను మోగితే ఎవరికేమైందోనని గుండె గుభేలుమంటుంది. మోగకపోతే, చెప్పడానిక్కూడా ఎవరూ మిగల్లేదేమోనని ఇంకా గట్టిగా గుభేలుమంటుంది. అలాంటి తల్లి వాకిట్లోకి ఆమె ఒక్కగానొక్క కొడుకు చిరీనో ఒకనాడు ఎర్రటి స్పోర్ట్స్ కారు తోలుకొచ్చి నిలబెట్టాడు. నేలకు జానెడెత్తు, రెండే సీట్లు, జలుబు చేసిన సింహంలా ఒకటే గుర్రు.

ముప్పై ఎనిమిదేళ్ళొచ్చి ఇంకా పెళ్ళికాని మగవాడు. నిమ్మకాయల మండీలో చిన్నప్పటినుంచీ చెమటోడ్చి కొనుక్కున్నాడు. వద్దని ఎవరనగలరు? కానీ ఆ ఊరుండేది అప్పుడప్పుడూ బూడిద కక్కే నిప్పుకొండ నడుము మీద. పైకి పోయినా కిందికి దిగినా పాము మెలికల రోడ్డే. మలుపు మలుపుకీ అక్కడ బండి బోల్తాపడి పోయిన ఎవరో ఒకరి ఫోటో, దాని పక్కన రంగు వెలిసిన ప్లాస్టిక్ పువ్వులు. ఆ ఫోటోల వరసలో కొడుకు మొహం పెట్టి చూసుకోవడం వెనెరాకు ఆ రోజే మొదలైంది. ఏ ఫోటో బాగుంటుందో కూడా ఆలోచించేసి, లెంపలు వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే చర్చి నుంచి పునీతుల బొమ్మల స్టిక్కరు తెచ్చి కారు ముందు భాగాన అంటించబోయింది. చిరీనో బ్రష్షు నోట్లో ఉండగానే పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. జిగురు రంగును తినేస్తుందట.

అప్పుడు వాడి మొహంలో కనిపించిన భయం వెనెరాకు కొత్తది కాదు, రోజూ అద్దంలో చూసుకునేదే. అయితే తన కడుపున పుట్టినవాడు లారీలకు భయపడడు, మలుపులకు భయపడడు, కారు మీద గీతకు భయపడతాడన్నమాట. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఇక ఆ భయానికి పాలు పోసి పెంచింది. అబద్ధాలేం చెప్పలేదు, తన మనసుకు తోచిన భయాలే కొడుక్కీ పంచిపెట్టింది. అంజూరపు చెట్టు పాలు పడితే మచ్చ పోదటరా అంది. వాడు చెట్టు కింద ఆపడం మానేశాడు. సముద్రం అవతలి ఎడారి నుంచి గాలి వీస్తే ఎర్రమట్టి వాన పడుతుంది కదా అంది. వాడు ఆకాశం చూడకుండా షెడ్డు తలుపు తీయడం మానేశాడు. కింద పట్నం కతానియాలో ఒకతను కారంతటికీ కంటికి కనిపించని తొడుగు వేస్తాడని వాడు సంబరపడితే, ఆ తొడుగు ఎండకు పచ్చబడదూ, ఊడదీస్తే రంగు కూడా ఊడి రాదూ అని ఆమె చల్లగా అంది. వాడు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత తొడుగు మాటే ఎత్తలేదు.

చివరికి ఆ కారు షెడ్డులోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి షెడ్డులోకి తప్ప తిరగడం మానేసింది. ఆదివారం ఆదివారం దానికి అభ్యంగనం. సబ్బునీళ్ళకో బకెట్టు, మంచినీళ్ళకో బకెట్టు, పసిపిల్లల ఒళ్ళు తుడిచే గుడ్డలాంటి మెత్తటి గుడ్డ. దాన్ని ముట్టుకునే ముందు చిరీనో వాచీ, ఉంగరం, బెల్టు విప్పేసేవాడు. బెల్టు లేని ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కారు తోమే కొడుకును చూసి వెనెరా పునీతులకు కొవ్వొత్తి వెలిగించింది. మండీకి వాడు పోయేది నత్తలా పాకే పాత వ్యాను మీదే. మలుపుల్లో దూకుడుకూ తన బిడ్డకూ బంధం తెగింది.

పక్కింటి తిద్దా మాత్రం గోడ మీదుగా చూసి నవ్వేది. "అది కారు కాదు వదినా, ఊరేగింపు లేని ఉత్సవ విగ్రహం. మొదటి గీత పడేదాకా ఏ మగాడూ బండెక్కడు. మా ఆయన కొత్త ట్రాక్టరుకూ అంతే చేశాడు. మేకపోతు వచ్చి కుమ్మిన రోజు నుంచే దాని మీద పొలానికి వెళ్తున్నాడు."

అలాంటి మేకపోతు తమ వీధికి రాకూడదని వెనెరా మొక్కుకుంది.

ఒక గురువారం రక్తపోటు మాత్రల కోసం మందుల షాపుకి వెళ్ళేదాకా ఆమె సుఖంగానే ఉంది. షాపులో పనిచేసే టెక్లా, చిరీనో ఏడాదిగా పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న పిల్ల. నెమ్మదస్తురాలు, ముప్పై నాలుగేళ్ళది. మాత్రలు సంచిలో వేస్తూ నవ్వకుండానే చెప్పింది. చిరీనో తనను ఇప్పటికీ నిమ్మకాయల వ్యానులోనే తిప్పుతున్నాడట. ఒక్కసారి కారెక్కబోతే జీన్సు గుండీలు తగులుతాయని ఆపాడట. చెవి లోలాకులు తీయమన్నాడట. చెప్పులు విప్పి చేత పట్టుకోమన్నాడట.

"నాకేమైనా అవుతుందేమోనని ఒక్కరోజూ అంత కంగారుపడలేదు పిన్నీ," అంది. "ఎక్కడో ఉత్తరాన తోరీనోలో మా అక్క పనిచేసే చోట ఖాళీ ఉందట. వెళ్ళిపోదామనుకుంటున్నాను. ఆదివారం భోజనానికొచ్చి ఆ మాటే చెప్తాను. ఈలోగా మీరు చెప్పకండి."

వెనెరా మాత్రలు తీసుకోకుండానే ఇంటికొచ్చింది. ఇన్నేళ్ళుగా ఇన్ని భయాలు పడ్డ మనిషి ఈ ఒక్కటీ ఎలా మరిచిపోయిందో ఆమెకే తెలియలేదు. కొడుకు మలుపులో పోతాడని భయపడిందే గానీ, బ్రహ్మచారిగా పోతాడని భయపడలేదు. అప్పుడా ఫోటో దగ్గర పువ్వులు పెట్టేవాళ్ళు కూడా ఉండరు. మూడు రోజులు కొడుక్కి మంచి మాటలు చెప్పి చూసింది. కారంటే ఎక్కడానికేరా, పిల్లను ఎక్కించుకో, తొడుగు వేయించుకో, పచ్చబడితే పడుతుంది అంది. వాడు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమొచ్చిందా అని అడిగాడు.

ఆదివారం పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. చిరీనో కారు బయటికి తీసి, తోమి, ఆరబెట్టి, టెక్లాకు ఇష్టమైన జున్ను గొట్టాల మిఠాయి తేవడానికి వ్యాను మీద కిందూరికి వెళ్ళాడు. కారు తాళం జేబులో వేసుకునే వెళ్ళాడు. వాడటు వెళ్ళగానే కొండ గొంతు సవరించుకుంది. కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. శిఖరం మీద నల్లటి మబ్బు గొడుగులా విచ్చుకుంది. కాసేపటికి పెంకుల మీద బియ్యం చల్లుతున్నట్టు చప్పుడు.

బూడిద అంటారు గానీ అది పొయ్యిలో బూడిద కాదు. నల్లటి రవ్వ, నూరిన గాజంత గరుకు. అది పడితే ఆ ఊళ్ళో ఆడదాని చెయ్యి దానంతటదే చీపురు మీదికి పోతుంది.

ఫోను మోగింది. అవతల చిరీనో. "అమ్మా, దాని మీద చెయ్యి వెయ్యకు. గుడ్డ వెయ్యకు, తుడవకు, ఊదకు. నేనొచ్చి నీళ్ళు పోసి కడుగుతాను. ముట్టుకోనని ఒట్టు పెట్టు."

"చేత్తో ముట్టుకోను నాయనా, ఒట్టు," అంది వెనెరా.

చీపురు పట్టుకుని కారు ముందు నిలబడింది. కళ్ళ ముందు మలుపులన్నీ మెలికలు తిరిగాయి. తుడిస్తే వీడు ఆ మలుపులకు పోతాడు. తుడవకపోతే ఆ పిల్ల తోరీనోకి పోతుంది. కొండ మరోసారి గుర్రుమంది. వెనెరా కళ్ళు మూసుకుని, పునీతులను ఒక్క క్షణం అటు తిరగమని వేడుకుని, కట్టెల చీపురుతో కారు ముందు భాగాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి ఊడ్చింది. కరకరమంది. ఎలాగూ మొదలెట్టాను కదా అని తలుపులు కూడా ఊడ్చింది.

గోడ అవతల తిద్దా తన చీపురు ఆపి, ఆ కారు కేసి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

చిరీనో వచ్చేసరికి బూడిద కాస్త తగ్గింది. మిఠాయి పెట్టె అరుగు మీద పెట్టి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, మెట్టు మీద కూలబడ్డాడు. ఎర్రరంగు మీద పిల్లి గోళ్ళతో గీరినట్టు గీతలే గీతలు. వెనెరాకు కొడుకు గుండె ఆగిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. అది ఆమె లెక్కలో లేని భయం.

"చెప్పానుగా అమ్మా," అన్నాడు వాడు తల చేతుల్లో పెట్టుకుని.

"అలవాటురా నాన్నా. బూడిద కనబడితే ఈ చెయ్యి నా మాట వినదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఊడుస్తూనే ఉన్నాను, ఇల్లూ వాకిలీ..."

ఆ మాట దగ్గరే గొడుగు పట్టుకుని టెక్లా గేటు తీసుకొచ్చింది. ఆమె చెప్పుల కింద బూడిద కరకరలాడింది. కారు కేసి చూసింది. తర్వాత వాకిలి కేసి చూసింది. అరుగు, మెట్లు, గుమ్మం, తులసిజాతి మొక్కల కుండీలు, అన్నిటి మీదా నల్లటి దుప్పటి కప్పినట్టు అంగుళం మందాన బూడిద. ఊడ్చిన జాడ కారు మీద తప్ప ఎక్కడా లేదు.

వెనెరా, టెక్లా ఒకరినొకరు చూసుకున్నారు. చిరీనో తల ఇంకా చేతుల్లోనే ఉంది.

టెక్లా గొడుగు ముడిచి ఆమె చేతిలోంచి చీపురు అందుకుంది. "మిగిలింది నేను ఊడుస్తాను, ఇలా ఇవ్వండి అత్తయ్యా," అని గబగబా గుమ్మమూ అరుగూ వాకిలీ ఊడ్చేసింది. చిరీనో తలెత్తేసరికి వాకిలంతా కారులాగే ఊడ్చి ఉంది.

వాడు లేచి, కారు మీది గీతను వేలితో తడిమాడు. ఇంకోసారి తడిమాడు. పుండు మీద పొక్కు గిల్లుకున్నవాడిలా మొహం పెట్టాడు గానీ, ఆ తర్వాత భుజాలు కిందికి జారాయి. టెక్లా బెల్టు బిళ్ళ కేసి చూసి, కారు తలుపు తీశాడు.

"ఎక్కు," అన్నాడు. "ఇంక దాచడానికి ఏముంది."

"చెప్పులకు బూడిద ఉంది," అంది టెక్లా.

"ఉండనీ."

తోరీనో మాట ఆమె ఎత్తలేదు. భోజనం చల్లారిపోతుందని వెనెరా అరిచింది, అద్దాలు మూసుకోండి ఊపిరితిత్తుల్లోకి పోతుందని అరిచింది, ఆ పై మలుపు దగ్గర జాగ్రత్త అని అరుస్తూ వీధిలోకి పరుగెత్తి, ఆగిపోయింది.

బూడిద పడిన రోజున రోడ్డు మీద ఆవాలు పోసినట్టే. ఊరి పోలీసులు అప్పుడే మూల మీద నిలబడి ఏ బండినీ ముప్పై కిలోమీటర్ల వేగం దాటనివ్వడం లేదు. ముందు కూరగాయల మూడుచక్రాల బండి, వెనక రెండు కార్లు, ఆ వెనక తన కొడుకు సింహం, గొంతు నొక్కుకుని, శవయాత్ర నడకతో పోతోంది. పక్కన నడుస్తున్న ముసలాయన ఒకడు దాన్ని దాటేశాడు కూడా. లోపల టెక్లా నవ్వుతూ ఏదో చెబుతోంది.

తిద్దా తల మీద చేటంత టోపీతో గేటు దగ్గరికొచ్చి, ఈ కొండమ్మ ఎప్పటికి ఊరుకుంటుందో, ఊడ్చలేక చస్తున్నాం అని తిట్టిపోసింది.

"తిట్టకు వదినా," అంది వెనెరా, కారు మూల తిరిగేదాకా చూస్తూ. "పాపం ఆవిడకు మాత్రం ఏముంది కాలక్షేపం. ఆదివారం ఆదివారం కాస్త పడనీ."