సదయ్య అడిగిన కాలు

బొగ్గుబాయిలో తట్టలకెత్తే కోల్‌ఫిల్లర్ బుచ్చన్న కూతురు అనసూర్య నల్లకోటు వేసుకుని గోదావరిఖని కోర్టులో అడుగుపెట్టిన రోజున, కార్మికవాడలో ఆ సంగతి చెప్పుకోని ఇల్లు లేదు. బుచ్చన్న అప్పటికే పోయాడు. ఉండి ఉంటే డ్యూటీ ఎగ్గొట్టి మరీ వచ్చి కోర్టు ఆవరణలో కూర్చునేవాడని, అతనితో బాయిలోకి దిగినవాళ్లు అనుకున్నారు.

అనసూర్య పెద్ద కేసుల జోలికి పోలేదు. గ్యాసుబండకు నెలల తరబడి తిప్పే డీలరు మీద, మొలకెత్తని పత్తి విత్తనాలు అంటగట్టిన దుకాణం మీద, ఇంటికొచ్చిన వారానికే మూలపడ్డ ఫ్రిజ్జు మీద కేసులు వేసేది. భూముల కేసులు పట్టుకోరాదా అని తోటి వకీళ్లు నవ్వేవారు. ఆమె పట్టించుకోలేదు. మోసం చేసి అమ్మినవాడు దర్జాగా తిరుగుతుంటే, కొన్నవాడు తానేదో తప్పు చేసినట్టు తలదించుకోవడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. ఆ తల పైకెత్తించగలిగితే చాలనుకునేది.

రెండువేల ఆరు వానాకాలంలో ఒకరోజు ఆమె ఆఫీసు ముందు ఆటో ఆగింది. ఒక ముసలామె గోనెసంచి భుజాన వేసుకుని దిగింది. వెనక నుంచి ఇద్దరు మనుషులు ఒక పెద్దాయనను ఎత్తి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కుడికాలు మోకాలి పైనుంచి లేదు.

"గుర్తువట్టినవా బిడ్డా? సదయ్యను. మీ నాయిన, నేను ఒకటే షిఫ్టు."

అనసూర్య గుర్తుపట్టింది. బాయిలో పైకప్పు కూలి సదయ్య కాలు పోయిందని విన్నది కూడా. దవాఖానలో ప్రాణం దక్కింది. ఉద్యోగం మానేటప్పుడు వచ్చిన డబ్బులోంచి మంచిర్యాలలో ఒక డీలరు దగ్గర కృత్రిమ కాలు కొనుక్కున్నాడు. బతికినంత కాలం ఢోకా లేదని డీలరు చెప్పాడు. కొత్తలో సదయ్య దానిమీద రోజూ చౌరస్తా దాకా నడిచి, పాత దోస్తులతో చాయ్ తాగి వచ్చేవాడు. పండగ కూడా రాకముందే, మెట్లు దిగుతుంటే మోకాలి కీలు పుటుక్కున విరిగింది. పడితే తుంటి ఎముక పగిలింది. తుంటి అతికింది గాని కాలు అతకలేదు. బరువులు మోసి ఉంటావు పొమ్మన్నాడు డీలరు.

సదయ్య భార్య ఐలవ్వ గోనెసంచి విప్పి ఆ కాలును బల్ల మీద పెట్టింది. పాదానికి ఇంకా చెప్పు తొడిగే ఉంది.

"నష్టపరిహారం గూడ అడుగుదాం కాకా," అంది అనసూర్య.

"పైసలు వద్దు బిడ్డా. పైసలు మొకాన గొట్టి వాడు చేతులు దులుపుకుంటడు. నాకు కాలు కావాలె. మంచి కాలు. నా అంతట నేను చౌరస్తకు పోయి రావాలె. గంతే."

ఆ మాట అనసూర్యకు ఎంతో నచ్చింది. ఫిర్యాదులో అదే రాసింది: విరిగిన కాలుకు బదులు పనికొచ్చే కాలు ఇప్పించాలి. మరేమీ అడగలేదు. అంత శుభ్రమైన కోరికను ఏ న్యాయపీఠమూ కాదనలేదని ఆమెకు గట్టి నమ్మకం. కరీంనగర్‌లోని జిల్లా వినియోగదారుల ఫోరం కేసు తీసుకుంది. కాలును సాక్ష్యంగా జమ చేసుకుని, నంబరు చీటీ కట్టి రికార్డు గదిలో పెట్టింది.

మరుసటి ఏడాది అదే ఫోరంలో మహిళా సభ్యురాలి పోస్టుకు ప్రకటన వచ్చింది. అనసూర్య వెనకాముందాడింది. భర్త సదానందం బాయిలో ఎలక్ట్రీషియన్. రాత్రి డ్యూటీకి బ్యాటరీ దీపం సర్దుకుంటూ అన్నాడు: "వకీలుగ ఉంటే ఒక్కొక్కని కోసం కొట్లాడుతవు. ఆడ కూసుంటే నీ సంతకంతోని పని అయితది. ఇంకేం గావాలె?"

ఆమెకూ అదే ఆశ. దరఖాస్తు పెట్టింది. ఉద్యోగం వచ్చింది. వాడవాళ్లంతా వచ్చి దండలు వేశారు. తన కేసులన్నీ జూనియర్ రఘుపతికి అప్పగించి, సదయ్యకు చెప్పడానికి వెళ్లింది.

"ఇగ నా కేసు గెలిచినట్టే!" సదయ్య మంచంలో లేచి కూర్చున్నాడు. "నువ్వే జడ్జివైతివి."

"అట్ల కాదు కాకా. నేను నీ వకీలును గదా, నీ కేసుల నేను కూసోవద్దు. అధ్యక్షుడు సారు, ఇంకో మెంబరు సారు చూస్తరు."

"ఎవలన్న చూడనీ. నువ్వైతే ఆడనే ఉంటవు గదా. నాకింకేం ఫికర్?"

ఇంకో మెంబరు లింగమూర్తి అనే రిటైరైన లెక్చరర్. సదయ్య కేసు వాదనకు వచ్చే సమయానికి ఆయన పదవీకాలం అయిపోయింది. ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. అధ్యక్షుడితో పాటు కనీసం ఒక సభ్యుడు లేనిదే ఫోరం కూర్చోకూడదు. ఇప్పుడు మిగిలిన సభ్యురాలు అనసూర్య ఒక్కతే. మిగతా కేసులన్నిటికీ అది సరిపోయింది. ఒక్క సదయ్య కేసుకు మాత్రం, ఆమె ఉండడమే అడ్డమైంది.

ఆ కేసు పిలిచిన మొదటి రోజు అనసూర్య కుర్చీలోంచి లేచి వరండాలోకి వచ్చింది. లోపల అధ్యక్షుడు విష్ణువర్ధన్ ఒక్కడే కూర్చుని వాయిదా రాస్తున్నాడు. వరండా బెంచీ మీద ఐలవ్వ ఉంది. తెల్లవారుజామున బయలుదేరి బస్సులో వచ్చినట్టుంది, కొంగున సద్ది మూట కట్టుకుంది. అనసూర్యను చూసి ముఖం విప్పారింది.

"తిన్నవా బిడ్డా?"

డీలరు తరఫు వకీలు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తున్నాడు. కక్షిదారుతో ఫోరం సభ్యురాలు మాట్లాడిందని రేపు కాగితం మీద పెడితే సదయ్యకే దెబ్బ. అనసూర్య జవాబు చెప్పకుండా, ఐలవ్వ తనకు తెలియనట్టే దాటిపోయింది. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు నిలబడింది.

ఆ తర్వాత సదయ్య ఇంటికి పోవడం మానుకుంది. కేసు ఎప్పుడు పిలిచినా లేచి వరండాలోకి వచ్చేది. ఐలవ్వ మళ్లీ పలకరించలేదు. ఆమె కనబడగానే కొంచెం పక్కకు జరిగి కూర్చునేది.

కొత్త మెంబరును వేయమని హైదరాబాదుకు ఉత్తరాలు పోయాయి. జవాబులు రాలేదు. చివరికి ఒక సాయంత్రం అనసూర్య రాజీనామా కాగితం పట్టుకుని విష్ణువర్ధన్ గదికి వెళ్లింది. ఆయన కోస్తా జిల్లా నుంచి వచ్చిన రిటైర్డు జడ్జి. మంచివాడే.

"నేను పోతే ఆ కేసుకు దారి దొరుకుతది సార్. రెండు పోస్టులు ఖాళీ అయితే పైవాళ్లు నింపక తప్పదు గదా."

ఆయన కాగితం చదివి మడిచాడు. "ఒక పోస్టు నింపనివాళ్లు రెండు నింపుతారా అమ్మా? ఇప్పుడు ఆగింది ఒక్క కేసు. మీరు వెళ్లిపోతే నేనొక్కణ్ణే మిగులుతాను. అన్ని కేసులూ ఆగిపోతాయి. ఆ జనానికి ఏం చెప్తారో చెప్పండి, సంతకం పెడతాను."

ఆమె ఆ జనాన్ని తలుచుకుంది. విత్తనాల రైతులు, కాన్పులో బిడ్డను పోగొట్టుకుని నర్సింగ్ హోం మీద కేసేసిన సంతోషి, ఇంకా ఎందరో. కాగితం వెనక్కి తీసుకుంది.

ఆ జనానికైనా మేలు జరిగిందా అంటే, అదీ లేదు. రైతుల పక్షాన తీర్పు రాసిన రోజు వాళ్లు ఆమె ఎదుట చేతులు జోడించారు. కంపెనీ అప్పీలుకు పోయి స్టే తెచ్చుకుంది. సంతోషి కేసులోనూ అంతే. రానురాను తీర్పు చదివేటప్పుడు ఎదుటివాళ్ల ముఖాల్లోకి చూడడం అనసూర్య మానేసింది. వాళ్ల సంతోషం ఎన్నాళ్లు నిలుస్తుందో ఆమెకు ముందే తెలిసిపోతుండేది.

కేసును ఆదిలాబాద్ ఫోరానికి మార్చమని రాష్ట్ర కమిషన్‌లో అర్జీ పెట్టవచ్చు. రఘుపతి పెట్టాడు. అంతలో తెలంగాణ ఉద్యమం ఉధృతమైంది. వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. సకల జనుల సమ్మె నాటికి బాయిలు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. సదానందం రోజూ ఊరేగింపుకే పోయేవాడు. అనసూర్య మనసూ అక్కడే ఉంది. అయినా ఉండబట్టలేక, చేయకూడదని తెలిసీ రఘుపతికి ఫోన్ చేసింది.

"నేనడుగద్దు తమ్మీ. అయినా అడుగుతున్న. సదయ్య కాక అర్జీ ఏమైంది?"

"ఇప్పుడు హైదరాబాదు పోయి కోర్టు మెట్లెక్కుమంటవా అక్కా? మనోళ్లే మొకాన ఉమ్ముతరు. జర ఓపిక పట్టు. రాష్ట్రం రానీ, అన్నీ జల్ది జల్ది అయితయ్."

"ఆయన పడకల ఉన్నడు తమ్మీ."

"గాయన గూడ గదే అన్నడక్కా. ముందు రాష్ట్రం రానియ్, నా కాలు యాడికి పోతదన్నడు."

నిజమే, సదయ్య అలాగే అన్నాడు. ఊరేగింపు చప్పుడు వినబడితే మంచాన్ని గుమ్మం దాకా జరిపించుకునేవాడట. కదలక పడుకున్న ఒంటికి పుండ్లు పడ్డాయి. మరుసటి ఎండాకాలంలో అవి విషమించాయి. దవాఖానకు తీసుకుపోతే ఆలస్యమైందన్నారు.

కబురు తెలిసి అనసూర్య పరుగున వచ్చింది. పాడె లేస్తోంది. పాత కార్మికులు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. ఐలవ్వ తల వంచుకుని ఏడుస్తోంది. దగ్గరికి పోయి పట్టుకోవాలని అనసూర్య రెండడుగులు వేసింది. ఇన్నేళ్లు తెలియనట్టు నడిచిన మనిషి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పట్టుకుంటుంది? గోడ పక్కన నిలబడిపోయింది. గోదావరి ఒడ్డు దాకా ఆడవాళ్ల వెనక నడిచి, అక్కడి నుంచే ఇంటికి వచ్చింది.

అర్జీ మంజూరైన కాగితం ఆ తర్వాత వచ్చింది. ఫైలునూ కాలునూ మూటగట్టి ఆదిలాబాద్ పంపారు. ఆ చలికాలంలో అనసూర్య పదవీకాలం అయిపోయింది. కుర్చీకి ఎవరినీ వేయలేదు. ఆమె మళ్లీ నల్లకోటు వేసుకుని గోదావరిఖని కోర్టుకు పోసాగింది. పాత కక్షిదారులు వేరే వకీళ్ల దగ్గర కుదురుకున్నారు. బార్ గదిలో కూర్చుని పేపరు చదివి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేది.

రెండువేల పద్నాలుగు మే నెలలో రఘుపతి తీర్పు నకలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సదయ్య స్థానంలో ఐలవ్వను చేర్చారు. డబ్బు రూపంలో పరిహారం అడుగుతామని రఘుపతి పెట్టిన సవరణ ఆలస్యమైందని తోసిపుచ్చారు. ఫిర్యాదీ అడిగింది కాలు మాత్రమే, ఆ కాలు పెట్టుకోవలసిన మనిషి ఇప్పుడు లేడు, కనుక ఇప్పించడానికి ఏమీ మిగలలేదు అని కేసు మూసేశారు. కీలు నాసిరకమా కాదా అన్నది ఎవరూ తేల్చలేదు.

"అప్పీలుకు పోదామా అక్కా?" అన్నాడు రఘుపతి. అడగాలి కాబట్టి అడిగాడు.

అనసూర్య తీర్పు సంగతి ఐలవ్వకు తానే చెప్పాలనుకుంది. రేపు రేపు అని జంకుతూ ఉండగానే జూన్ రెండో తారీఖు వచ్చింది. చౌరస్తాలో డప్పులు, గులాల్. రాష్ట్రం వచ్చింది. జనాన్ని తోసుకుంటూ ఆమె ఐలవ్వ ఉంటున్న కిరాయి గదికి నడిచింది. కార్మికవాడలోని క్వార్టర్ ఎప్పుడో ఖాళీ చేయించారు. ఐలవ్వ ఒక హాస్టల్లో బియ్యం ఏరే పనికి పోతోంది. ఆ రోజు సెలవు.

పీట వేసింది. నీళ్లిచ్చింది. అనసూర్య తీర్పు సంగతి చెప్పింది, ఏదీ దాచకుండా. ఐలవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. తర్వాత అడిగింది:

"ఒక్క మాట చెప్పు బిడ్డా. నువ్వు వకీలుగనే ఉంటే, ఆయనకు కాలొచ్చునా?"

బయట పిల్లలు టపాకులు కాలుస్తున్నారు. ఏదో ఒక ఓదార్పు మాట చెప్పి బయటపడవచ్చు. కాని ఐలవ్వ తెలుసుకోవాలనే అడిగింది.

"వచ్చునే చిన్నమ్మా," అంది అనసూర్య. "లింగమూర్తి సారు పోయినా, నా జాగల ఇంకొకలు కూసుందురు. నేను నిలబడి వాదిద్దును. రెండేండ్లల్ల అయిపోవును. వచ్చునే."

ఐలవ్వ తలూపింది. "గట్లనా," అని మాత్రం అని, లేచి గోడ వైపు తిరిగి పడుకుంది. అనసూర్య పీట మీదే కూర్చుంది. ముసలామె నిద్రపోలేదని ఊపిరి వింటేనే తెలుస్తోంది. చీకటి పడుతుంటే లేచి, తాగిన గ్లాసు కడిగి బోర్లించి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది. వీధి మలుపులో ఎవరో ఆమె ముఖానికి గులాల్ పూసి, "జై తెలంగాణ అక్కా" అన్నారు. ఆమె కూడా అన్నది.