ముక్కుపుడకల కౌంటరు

జూన్ నెలలో వరద వచ్చిన సంవత్సరం అది. మద్రాసుకు అది వానకాలం కాదు. అయినా తొంభై ఆరులో ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. వ్యాసర్పాడిలో పల్లపు వీధులన్నిటా నీళ్ళు నిలిచాయి. ధర్మలింగం ఇంట్లోకి మంచం ఎత్తున వచ్చిన నీళ్ళు, పోతూ పోతూ అతని భార్య చెంగమ్మ కుట్టుమిషన్‌ను తుప్పు ముద్ద చేసి పోయాయి. ఆ మిషన్ మీద జాకెట్లు కుట్టి ఆమె సగం ఇల్లు నడిపేది. మిగిలిన సగం ధర్మలింగం జీతం.

అతడు టీ నగర్‌లో ఒక పెద్ద నగల షాపు వాకిట్లో వాచ్‌మన్. అద్దాల తలుపు తీయడం, సలాం పెట్టడం, "రండమ్మా, రండి సార్" అనడం అతని పని. రోజుకు అతని నోటి నుంచి వచ్చే మాటలు ఇంచుమించు అవే. ఇంట్లో అవి కూడా ఉండవు.

కూతురు అలివేలు ప్లస్ టూ ముగించి టైపు నేర్చుకుంటూ ఉండేది. మిషన్ పోయిన తర్వాత ఒకనాడు తండ్రి ముందు కూర్చుంది.

"నాయనా, మీ షాపులో ఆడపిల్లల్ని తీసుకుంటా ఉండారంట కదా. అడిగి చూడు."

అతడు అడిగాడు. మేనేజరు విజయకుమార్ పిల్లను పిలిపించి చూశాడు. ఆమె చెవులు చూశాడు, చేతులు చూశాడు, ముక్కు దగ్గర కాసేపు ఆగాడు. "సరే, తాయారు చూసుకుంటుందిలే" అని ముక్కుపుడకల కౌంటరులో వేశాడు.

ఆ కౌంటరు పిల్లలకు ఒక పని ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు చూపించిన పుడకను తాము పెట్టుకొని, ముఖం అటూ ఇటూ తిప్పి చూపించాలి. అందుకని షాపు తెరవక ముందే తాయారు వచ్చి వాళ్ళకు మేకప్ వేసేది. ఆమె ఒకప్పుడు సినిమా స్టూడియోలలో పనిచేసిన మనిషి. చెయ్యి ఎంత చురుకో నోరూ అంత చురుకు.

"ఏమే అలివేలూ, ఇది మీ నాయన ముక్కే కదా! ఆ మనిషి తను వాకిట్లో నిలబడి ముక్కును లోపలికి పంపించినాడే!" అంది తాయారు మొదటి రోజు. పిల్లలందరూ పకపకా నవ్వారు. "దీని మీద పుడక పెడితే మైదానంలో ఆవగింజ మాదిరి ఉంటుంది. ఉండు, సన్నం చేసి పెడతా."

ముక్కుకు రెండు పక్కలా ముదురు గోధుమరంగు పూసింది. నడిమి దూలం మీద తెల్లని గీత ఒకటి సన్నగా దించింది. కొన కింద మళ్ళీ కొంచెం ముదురు రంగు. తడి స్పాంజితో అన్నీ కలిసిపోయేట్టు అద్దింది. అద్దంలో అలివేలు ఒక కొత్త పిల్లను చూసింది. ఆ పిల్ల ముక్కు సంపెంగ మొగ్గలా ఉంది.

ఆ మధ్యాహ్నం షాపులోని దేవుడి పటానికి మల్లెపూలు తెమ్మని ఆమెను బయటికి పంపించారు. పూల పొట్లంతో ఆమె తిరిగి వచ్చేసరికి ధర్మలింగం తలుపు తీసి, సలాం పెట్టి, "రండమ్మా" అన్నాడు.

"నాయనా! నేనే!" అని అలివేలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది.

అతడూ నవ్వాడు. ఆమె లోపలికి పోయింది. నవ్వు మాత్రం అతని మూతి మీదే నిలిచిపోయింది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు. కన్నబిడ్డను గుర్తుపట్టలేకపోయానే అన్న మాట ఆనాటి నుంచి అతణ్ణి ఒక చోట నిలవనివ్వలేదు. వాచ్‌మన్ నిలబడవలసిన మనిషి. అతడు మెట్టు దిగుతాడు, ఎక్కుతాడు, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడుస్తాడు. తుడిచిన ప్రతిసారీ అద్దంలో అతని ముక్కే అతనికి ఎదురుపడుతుంది.

చదివే మీరు అడగవచ్చు, నగల షాపులో పిల్లలు సింగారించుకుంటే తప్పేమిటని. సింగారం తప్పు కాదు. పండగకు మన ఇళ్ళలో పసుపు పూసుకోరా, కాటుక పెట్టుకోరా? కాని ఒక ఆడపిల్లను ప్రతి ఉదయం పిలిచి నిలబెట్టి, నీ ముఖంలో ఫలానాది తప్పు, దాన్ని దాచితేనే నీకు కూడు అని చెప్పడం వేరు. అలా చెప్పిన మాట సాయంత్రం నీళ్ళతో కడిగితే పోదు.

అలివేలుకు పోలేదు. ఇంటికి వచ్చినా పడుకోబోయే దాకా ముఖం కడుక్కునేది కాదు. పక్కింటివాళ్ళు వస్తే ఓణీ చెంగు ముక్కు మీదికి లాక్కునేది. ఆదివారం కొళాయి దగ్గర నీళ్ళకు పొమ్మంటే తాయారు ఇచ్చిన రంగు డబ్బీ వెతికేది.

"నీళ్ళు పట్టేదానికి కూడా మేకప్పా?" అని చెంగమ్మ కసిరింది ఒకసారి. "ఆడ ఎవరు చూస్తారే నిన్ను?"

"నీకేం, నీది సన్నం ముక్కు. నాకు మాత్రం నాయనదే రావాల్నా?"

ధర్మలింగం గడపలో కూర్చొని ఉన్నాడు. ఆ మాట విని లేచి వీధి చివరి దాకా పోయి వచ్చాడు.

దీపావళి దగ్గరపడింది. షాపులో జనం కిటకిటలాడుతున్నారు. తలుపు మూసే సందు లేదు. ఒక సాయంత్రం పట్టుచీరల ఆడవాళ్ళు నలుగురు ముక్కుపుడకల కౌంటరు దగ్గర చేరారు. వాళ్ళలో ఒకావిడ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించకుండానే అంది.

"ఆ వాచ్‌మన్ ముక్కు చూస్తివా వదినా? దానికి పుడక చాలదు. గాజు తొడగాల!"

నలుగురూ విరగబడి నవ్వారు. కొనేవాళ్ళు నవ్వినప్పుడు కౌంటరు పిల్లలు కూడా నవ్వాలి. అది అక్కడి మర్యాద. అలివేలు నవ్వింది.

ధర్మలింగం విన్నాడు. ఆడవాళ్ళ మాట అతనికి అంతగా తగల్లేదు. అటువంటివి ఎన్నో విన్నాడు. కూతురి నవ్వు తగిలింది. మర్నాటి నుంచి అతడు ముక్కుకు అడ్డంగా చేతిరుమాలు కట్టుకొని నిలబడ్డాడు. ఎవరైనా అడిగితే "బస్సుల పొగ సార్" అన్నాడు. ఇంటికి పోయే బస్సులో అలివేలు ఆ రుమాలు చూసింది. కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

కొద్ది రోజుల తర్వాత ఒక ముసలామె మనవరాలిని వెంటబెట్టుకొని ముక్కు కుట్టించడానికి వచ్చింది. పిల్ల పేరు శ్రుతి. రెండో తరగతి చదివే వయసు. అవ్వది పెద్ద ముక్కు, రెండు వైపులా ఎర్రరాళ్ళ బేసరులు. మనవరాలిదీ అదే ముక్కు, చిన్న అచ్చులో పోసినట్టు. ముక్కు కుట్టే ఆచారి తీగ సిద్ధం చేసుకొని కౌంటరు పక్కనే కూర్చున్నాడు. అలివేలు ఒక చిన్న తెల్లరాయి పుడక పెట్టుకొని పిల్లకు ముఖం తిప్పి చూపించింది.

పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూసింది. తర్వాత రెండు చేతులతో తన ముక్కు మూసుకుంది.

"నేను కుట్టించుకోను."

"నొప్పి ఏముండదు రా బంగారూ, చీమ కుట్టినట్టు ఉంటుంది" అంది అవ్వ.

"నొప్పికి కాదు. పుడక పెడితే అందరూ నా ముక్కే చూస్తారు. స్కూల్లో ఇప్పుడే బోండా బోండా అంటా ఉండారు." పిల్ల అలివేలును చూపించింది. "మొదట ఆ అక్క ముక్కు కొనియ్యి అవ్వా. ముక్కు కూడా ఈడే అమ్ముతారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే తన ముక్కు మీదికి పోయింది.

అలివేలు కూడా ఈసారి నవ్వలేదు. ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. అక్కడ రుమాలు కట్టుకొని తండ్రి నిలబడి ఉన్నాడు. ఆమె కొనేవాళ్ళ కోసం పెట్టిన నీళ్ళ గ్లాసులో చేతిగుడ్డ ముంచి, పిండి, ముక్కు మీద గట్టిగా రుద్దుకుంది. ఒక పక్క. రెండో పక్క. నడుమ. గుడ్డంతా గోధుమరంగు అయింది.

"చూడు శ్రుతీ, నాది కూడా నీ ముక్కే. ఆ సన్నం ముక్కు రంగు, అంతే. ఈడ పొద్దున్నే పూస్తారు." ఆమె తలుపు వైపు వేలు చూపించింది. "ఆడ తలుపు దగ్గర ఉండాడే, ఆయన మా నాయన. నాయనా! ఆ గుడ్డ తియ్యి. బిడ్డ చూస్తుంది."

షాపంతా ఒకేసారి తలుపు వైపు తిరిగింది. ధర్మలింగం చేతులు రెండుసార్లు పైకి పోయి కిందికి దిగాయి. మూడోసారి రుమాలు విప్పాడు. పిల్ల పరుగున పోయి అతని కిందనుంచి తల ఎత్తి చూసింది.

"అవ్వా, ఈ తాతకు నీకంటే పెద్దది!" అని అరిచింది సంతోషంగా.

ధర్మలింగం నవ్వాడు. ఆ పిల్ల వచ్చి కూర్చొని, అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకొని, ఒక్క కేక వేసి ముక్కు కుట్టించుకుంది. కాని అదే సమయంలో పక్కన నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు "మాకూ ఇట్టనే రంగు పూసి చూపించి అంటగడతా ఉండారన్నమాట" అంటూ చేతిలోని పుడకలు గాజుపలక మీద పెట్టి వెళ్ళిపోయారు.

షాపు మూసే ముందు విజయకుమార్ తండ్రినీ కూతురినీ తన గదికి పిలిపించాడు.

"కస్టమర్ల ముందర మొహం కడుక్కునేది ఏందమ్మా? ఇది షాపా, బాత్రూమా? మనం అమ్మేది పుడక అనుకుంటివా? చూసేదానికి బాగుండే మొహం, దాన్నే అమ్మేది. రేపు మేకప్‌తో వచ్చి అందరి ముందర సారీ చెప్పు. చెప్తే ఇద్దరికీ పని ఉంటుంది. లేకుంటే ఇద్దరికీ లేదు. ధర్మలింగం, నువ్వు చెప్పయ్యా నీ బిడ్డకు."

ధర్మలింగం ఇటు కాలి మీది బరువు అటు కాలి మీదికి మార్చాడు. ఇంట్లో మిషన్ లేదు. పండగ ముందు ఉంది. ఈ గది దాటితే ఏముందో తెలియదు. మేనేజరు సరేననే మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

"సార్, నేను జాస్తి మాట్లాడేవాణ్ణి కాదు" అన్నాడు ధర్మలింగం. "ఈ ముక్కు పెట్టుకొనే ఇన్నేండ్లు మీ బంగారానికి కాపలా కాస్తిని. వాకిట్లో పనికొచ్చింది లోపల పనికిరాదా? పౌడరు పూసుకోమనండి, పూసుకుంటుంది. పూలు పెట్టుకోమనండి, పెట్టుకుంటుంది. నీ పుట్టుకే తప్పు అని మాత్రం దినామూ చెప్పొద్దండి. దినామూ చెప్తే నమ్ముతారు సార్. నా బిడ్డ నమ్మింది. ఆఖరికి నేనూ నమ్మితిని. ఈ పొద్దు ఆ చిన్నబిడ్డ కూడా నమ్మేదానికి వచ్చింది. అది ఎవరి బిడ్డో. ఆ పాపం మాకొద్దు."

"పెద్ద ఉపన్యాసమే! పొట్టకు ఏం చేస్తావు?"

"తెలీదు సార్."

అతడు తన వాచ్‌మన్ టోపీ తీసి మేజా మీద పెట్టాడు.

బస్సులో ఆడవాళ్ళ సీటు ఖాళీగా ఉన్నా అలివేలు తండ్రి పక్కనే కమ్మీ పట్టుకొని నిలబడింది. సెంట్రల్ స్టేషన్ దాటిన తర్వాత అంది.

"ఆ పొద్దు ఆ పట్టుచీరలవాళ్ళతో నేనూ నవ్వితిని నాయనా."

"వింటిని."

"కోపం లేదా?"

"ఉండింది" అన్నాడతడు. ముక్కు తడుముకొని, "గాజు మాట మాత్రం బాగానే ఉండింది" అన్నాడు.

ఆమె ఏడుస్తూ నవ్వింది.

ఇంట్లో చెంగమ్మ తల కొట్టుకుంది. "ఇద్దరూ కూడబలుక్కొని పని పోగొట్టుకొని వస్తిరా! పొయ్యిలో ఏం పెట్టేది, నీ ముక్కా?" అని మొగుణ్ణి దులిపేసింది. తర్వాత కూతురి ముఖం దీపం వెలుగులో చాలా సేపు చూసింది.

మరుసటి ఉదయం ధర్మలింగం ఉతికిన చొక్కా వేసుకొని, అలివేలును ఫోటో స్టూడియోకు తీసుకుపోయాడు. ఎక్కడ పని అడగాలన్నా అర్జీకి ఫోటో కావాలి. స్టూడియో మనిషి దువ్వెనా పౌడరు డబ్బా చూపించి, లైటు సరిచేస్తూ పిల్ల ముఖం పరకాయించాడు.

"అన్నా, ముక్కు కొంచెం వెడల్పుగా పడుతుంది. భయపడొద్దు. నెగటివ్ మీద పెన్సిల్‌తో రెండు పక్కలా టచ్ చేసి సన్నం చేసి ఇస్తా. అందరికీ చేసేదే."

అలివేలు తండ్రి వైపు చూసింది.

"ఏమీ చేయొద్దు" అన్నాడు ధర్మలింగం. "అది మా అమ్మ ముక్కు. నాకు వచ్చింది, నా బిడ్డకు వచ్చింది. దాచిపెట్టేంత తప్పు పని అదేమీ చేయలేదు. మనిషిని ఉండింది ఉండినట్టు చూడలేకపోతే, ఆ తప్పు చూసే కంటిది. నువ్వు ఉండింది ఉండినట్టు తియ్యి నాయనా."

ఆమె ఫోటో అయిన తర్వాత, ఇంకొకటి కూడా తియ్యమని చెప్పి, అతడు పోయి కూతురి పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ముఖం ఎటూ తిప్పకుండా, నేరుగా లైటులోకి చూశాడు.