నీలం తర్వాత

బూజు పట్టిన క్యాసెట్టు మూత తెరిచి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డని టేపుకి ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పుతోంది ఆమె. గట్టిగా నొక్కితే టేపు ముడతపడుతుంది. మెత్తగా పట్టుకుంటే బూజు వదలదు. గుడ్డకి తెల్లటి పొడి అంటింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ పొడి తన ఒంటిని పట్టుకుని ఇంటికొస్తోందనీ, పాపకి దగ్గు అందుకే తగ్గట్లేదనీ ఆమె అనుమానం. పైకంటే నవ్వుతారని అనదు.

రెండు మెట్లు దిగితే షాపు. జనం తెచ్చిన పాత వీడియో క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తారు. గోడవారగా వీసీఆర్‌లు, కంప్యూటరు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. టేపు ఎంతసేపు ఆడితే అంతసేపూ చూస్తూ కూర్చోవడమే ఆమె పని. ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరి పిల్లలవో పుట్టినరోజులు. ‘ఇటు చూడవే’ అని అరిచే మేనమామలు, నోట్లో ముద్ద ఉండగా కెమెరా వచ్చిందని కొంగు అడ్డం పెట్టుకునే పిన్నులు. అట్టల మీది రాతలన్నీ చదువుతుంది. ‘చెరపకూడదు’ అని రాసి కింద రెండు గీతలు గీసినవే ఎక్కువ. ఆమె ఇంట్లో చెరపకూడనిదేదీ లేదు. పదో తరగతి సగంలో ఉండగా అమ్మ మంచాన పడింది. బడి అంతటితో సరి. అమ్మ గొంతు ఎలా ఉండేదో కూడా ఇప్పుడు సరిగా గుర్తురాదు.

అసలు ఆమెకి ఇష్టమైనవి పెళ్ళిళ్ళు కావు, అవి అయిపోయాక వచ్చేవి. తీసింది అయిపోగానే తెరంతా నీలమైపోతుంది. ఆపకుండా వదిలేస్తే ఒక్కోసారి ఆ నీలం కిందనుంచి, అంతకుముందెప్పుడో అదే టేపు మీద రికార్డు చేసుకున్న పాత టీవీ ముక్కలు తేలతాయి. సబ్బు ప్రకటనో, వాతావరణం చదివే ఆవిడో, సగం సీరియలో. చిన్నప్పుడు అమ్మ చంకలో కూర్చుని పక్కింటి కిటికీలోంచి చూసినవి. ఒకసారి ఆ సబ్బు పాట వస్తే నోటికొచ్చింది వచ్చినట్టు పాడేసింది. వెనక ఓనరు నిలబడి ఉన్నాడు.

“జీతమిచ్చి నీకు సినిమా చూపిస్తున్నానా అమ్మాయ్? నీలం వస్తే అయిపోయినట్టే. ఆపెయ్.”

అప్పట్నుంచీ నీలం రాగానే ఆపేస్తోంది. టైలరమ్మ క్యాసెట్టు కూడా నిన్న అలాగే ఆపింది.

బజార్లో జాకెట్లు కుట్టే టైలరమ్మ తల్లి ఆసుపత్రిలో ఉంది. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేశారు. ‘మీ నాన్నని ఒక్కసారి చూపించవే’ అని ఆ తల్లి ఒకటే అడుగుతోందట. నిన్న సాయంత్రం క్యాసెట్టు షాపులోనే ఉంచి పెన్‌డ్రైవ్ మాత్రం పట్టుకెళ్ళిన టైలరమ్మ ఈ పొద్దున ఫోన్ చేసింది.

“చెల్లీ, ఇందులో నాన్నే లేడు. అమ్మ ఉంది, నేనున్నాను, మా ఇంటి గోడలున్నాయి. తీసింది ఆయనే కదా, ఆయనెలా ఉంటాడు? అమ్మేమో ఉన్నాడంటుంది. ఇంకోసారి చూడవూ?”

ఆమె ఓనరు వంక చూసింది.

“ముందు పెళ్ళివాళ్ళది కానివ్వు,” అన్నాడతను. “ముసలావిడ ఏదో అంటుంది, ఈవిడ ఫోన్ చేస్తుంది. మనకింకేం పనిలేదా?”

ఆ పెళ్ళి ఒక పట్టాన తెమల్లేదు. మధ్యలో అత్తగారి ఫోన్. “దగ్గుతోందే. పాలు కక్కేసింది. నువ్వేమో అక్కడ బొమ్మలు చూస్తూ కూర్చో.” వస్తానని చెప్పడానికి లేదు. పోయిన వారం రెండుసార్లు ముందే వెళ్ళిపోయింది. మూడోసారి వెళితే ఇక రానక్కర్లేదని ఓనరు నవ్వుతూనే చెప్పాడు.

అతను భోజనానికి వెళ్ళగానే అన్నం గిన్నె పక్కన పెట్టి టైలరమ్మ క్యాసెట్టు ఎక్కించింది. నీలం వచ్చింది. అలాగే వదిలేసింది. నీలం. ఇంకా నీలం. ఉన్నట్టుండి తెర అదిరి, ఒక గోడ, పైనున్న ఫ్యాను, ఎవరిదో పాదం కనిపించాయి.

“ఎర్రలైటు వెలుగుతోందా అండీ?” ఆడగొంతు. “మీరు తీసింది చెరిగిపోతుందేమోనని చాలా ముందుకి తిప్పేశాను.”

“వెలుగుతోందిలే. నన్ను తియ్యవే తల్లీ, ఆ ఫ్యానుని కాదు!”

బొమ్మ కిందికి దిగింది. బనియన్‌లో ఒక బక్కపలచటి మనిషి, భుజం మీద చిన్నపిల్ల. “చెప్పు నాన్నా, నీ ఫ్రాక్ ఎవరు కుట్టారు? అమ్మేనా?” పిల్ల అతని జుట్టు పీకుతోంది. “అబ్బా! కుట్టుకూలి నా జుట్టేనా?” కెమెరా పట్టుకున్న మనిషి నవ్వుకి తెర మీద అతను పైకీ కిందికీ ఊగిపోయాడు.

ఆమె వెంటనే టైలరమ్మకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసినా ఎత్తలేదు. ఆ ముక్క అంతా కంప్యూటర్లోకి ఎక్కింది. అన్నం చల్లారిపోయింది.

భోజనం చేసొచ్చిన ఓనరు తెర మీద మనిషిని చూశాడు. “నిన్న ఇవ్వాల్సింది ఇది,” అని మాత్రం అన్నాడు.

సాయంత్రం టైలరమ్మే వచ్చింది. జడ ఊడిపోయింది. ఒక చేతిలో సంచీ, ఫ్లాస్కు. చంకలో దిండు. అన్నీ బెంచీ మీద దించి పక్కనే కూలబడింది.

“అమ్మ పోయింది చెల్లీ. మధ్యాహ్నం.”

ఓనరు మంచినీళ్ళ సీసా తెచ్చి టైలరమ్మ పక్కన పెట్టాడు.

“పొద్దుట్నుంచీ అదే పెట్టమంది. ‘అయిపోలేదే, ఇంకా ఉంది, నేనే తీశాను’ అంటుంది. పెట్టి పెట్టి విసుగొచ్చి అరిచేశాను. లేడు, నీకు మతిపోయింది, పడుకో అన్నాను. అటు తిరిగి పడుకుంది.” చెంగుతో మొహం తుడుచుకుంది. “ఇంతకీ చూశావా? ఉన్నాడా?”

ఆమె నోరు తెరిచింది. చెయ్యి మౌస్ మీదే ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు.

“లేడమ్మా,” అన్నాడు ఓనరు. “చివరిదాకా చూశాం. నీలం తర్వాత అంతా ఖాళీ.”

టైలరమ్మ ఆమె వైపు తిరిగింది. “అంతేనా చెల్లీ?”

బల్ల మీద ఫోన్ వణికింది. అత్తగారు. ఓనరు ఆ ఫోన్ వంకా ఆమె వంకా చూశాడు.

“అంతే అక్కా,” అంది.

టైలరమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. “పోనీలే. అయితే నేనన్నది నిజమేగా. ఉండి కూడా లేడన్నానేమోనని దారి పొడుగునా ఒకటే...” మాట పూర్తి చెయ్యకుండా లేచింది. క్యాసెట్టు తీసుకుని సంచీలో వేసుకుంది. దాన్ని ఆడించే యంత్రం ఆ ఇంట్లో లేదు. ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

“బతికిపోయాం,” అన్నాడు ఓనరు. “ఆ ముక్క తీసెయ్.”

తీసేసింది. తీసేస్తున్నప్పుడు తనకీ ఒళ్ళు తేలికపడటం తెలిసింది. ఆ తేలికని తల్చుకుంటే నోరంతా చేదయింది. అత్తగారికి ఫోన్ చేసి, పాప నిద్రపోయిందని విని, సంచీ సర్దుకుంది. అప్పుడు చూసింది బెంచీ వైపు.

పిలుద్దామని ఒక మెట్టెక్కింది. మలుపు దగ్గర ఆటో కోసం నిలబడ్డ టైలరమ్మ వీపు ఇంకా కనిపిస్తూనే ఉంది. పిలిస్తే వెనక్కి వస్తుంది. వస్తే ఆ మొహంలోకి మళ్ళీ చూడాలి. ఎక్కిన మెట్టు దిగింది.

బెంచీ మీద ఆసుపత్రి దిండు, నడుమ తల ఆనిన గుంట అలాగే ఉంది, అందులో ఒక తెల్లవెంట్రుక.