రెండో చుట్టు

సన్యాసిరాజు చనిపోయింది 1979 ఆగస్టు పదిహేనున, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో. వాడికి పదిహేనేళ్లు. పదో తరగతి బి సెక్షన్. నేను వాళ్లకి సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. మా బడి జెండా దళం బాధ్యత కూడా నాదే కాబట్టి ఆ రోజు పెందుర్తిలో వాడి పక్కనే ఉన్నాను.

దళమంటే ఎనిమిదిమంది పిల్లలు. పోర్టు గోడవారన ఉన్న మా బడికి ఊళ్లో పేరున్న సంగతి అదొక్కటే. కాలనీ సంఘాలవాళ్లు, గ్రంథాలయం వాళ్లు, కార్మిక సంఘాలవాళ్లు తమ సభల్లో జెండా ఎగరేయించడానికి మా పిల్లల్ని పిలిచేవారు. తెల్ల బట్టలు, సుద్దముక్కతో రుద్దిన కాన్వాసు బూట్లు వేసుకుని వెళ్లేవాళ్లం. పాతనగరంలో అత్తరు కొట్టు నడిపే కరీం బాషా కూతురు రషీదా ముందు నడుస్తూ ఆజ్ఞలిచ్చేది. ఆమె వెనక నలుగురు నాలుగు కొసలూ పట్టుకుని జెండా తెచ్చేవారు. దాన్ని మడిచి, లోపల పూలరేకలు పోసి, మూటగా తాడుకి కట్టి స్తంభం పైకి లాగడం సన్యాసిరాజు పని. అతిథి వచ్చి తాడు లాగితే ముడి విడిపోయి, రేకలు రాలి, జెండా ఎగరాలి.

ఆ ముడి వాడికి తండ్రి నేర్పాడు. జగ్గారావు పోర్టులో కలాసీ. రేవుకి చేరిన ఓడల తాళ్లు గట్టు మీది ఇనుప దిమ్మలకి వేసే జట్టులో ఉండేవాడు. కొడుకు జెండా కడుతున్నాడని తెలిశాక, పనిగట్టుకుని ఒక ఆదివారం కూర్చోబెట్టి జారుముడి నేర్పాడట. ఎంత బరువైనా ఆపుతుంది, కొస పట్టి లాగితే ఇట్టే విడిపోతుంది. వాడు దాన్ని కళ్లు మూసుకుని కట్టి చూపించేవాడు.

ఆ ఏడు జనవరి ఇరవయ్యారున సీతమ్మధారలో ఒక్కసారి అది తప్పింది. అతిథి ఇంకా కుర్చీలోంచి లేవనేలేదు, పెద్ద గాలి వచ్చి మూట విప్పేసింది. రేకలన్నీ ఖాళీ నేల మీద పడ్డాయి. జనం నవ్వారు. మర్నాడు హెడ్మాస్టరు అందరి ముందూ, దళాన్ని నడపడం నాకు కష్టంగా ఉంటే మరొకరికి అప్పగిస్తానన్నారు. నేను సన్యాసిరాజుని పిలిచి, ఇకనుంచి ఇంకా బిగించి కట్టమన్నాను.

"బిగిస్తే మరి ఊడదు టీచర్," అన్నాడు వాడు. "గాలికేటి తెలుస్తాది, ముఖ్య అతిథి ఎవులో."

నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా పంపించాను.

పెందుర్తిలో మమ్మల్ని పిలిచిన కాలనీ కొత్తది. ఇళ్లు సగమే లేచాయి. మధ్యలో సిమెంటు దిమ్మ కట్టి, ఇనుప గొట్టం నిలబెట్టారు. తెల్లవారినుంచి సన్నగా జల్లు పడుతోంది, ఉండి ఉండి గాలి విసురుతోంది. సన్యాసిరాజు ముడి వేసి, ఒకసారి చేత్తో తూచి చూసుకుని, కాలనీ ఆడవాళ్లు పిలుస్తున్నారని టీ తాగడానికి వెళ్లాడు. మూట నా చేతి దగ్గర ఉంది. నాకు సీతమ్మధార గుర్తొచ్చింది. తాడు కొస తీసుకుని వాడి ముడి మీద ఇంకో చుట్టు చుట్టి బిగించాను.

రషీదా రేకల పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. చూసింది.

"గాలిగా ఉంది," అన్నాను. ఆమె తల ఊపింది.

సన్యాసిరాజుకి చెబుదామనే అనుకున్నాను. వాడు మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి అతిథి గురునాథరావు గారి కారు వచ్చింది. వాడు గబగబా మూటని పైకి లాగేశాడు. నేను వరస సరిచేయడానికి వెళ్లాను.

గురునాథరావు గారు తాడు లాగారు. ముడి విడలేదు. మళ్లీ లాగారు. మూడోసారి కాలనీ మనిషి ఒకడు సాయం పట్టి గట్టిగా గుంజేసరికి మూట వెళ్లి గొట్టం కొసనున్న కప్పీలో ఇరుక్కుంది. ఇక పైకీ పోదు, కిందికీ రాదు. జనంలోంచి ఒకాయన, ఓడలు కట్టీవోడి కొడుకంట, ఓడకి కట్టినట్టే కట్టేసేడన్నాడు. నవ్వులు లేచాయి. సన్యాసిరాజు చెవులు ఎర్రబడ్డాయి. నాకేసి చూశాడు. ఏం జరిగిందో వాడికి అర్థం కాలేదు. తన ముడి మీద వాడికి అంత నమ్మకం.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చుట్టూ రెండువందలమంది ఉన్నారు. నేను చెప్పలేదు.

వాడు బూట్లు విప్పి పక్కపక్కన పెట్టి, గొట్టం పట్టుకుని ఎక్కాడు. ఎవరూ ఎక్కమనలేదు, ఎవరూ వద్దనలేదు. పైకి చేరి, ఒక చేత్తో గొట్టాన్ని కౌగిలించుకుని, రెండో చేత్తో, పళ్లతో ముడి విప్పాడు. జెండా తెరుచుకుంది. రేకలు గురునాథరావు గారి భుజాల మీద పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

జెండా తెరుచుకోగానే రషీదా ఆజ్ఞ ఇవ్వాలి, పిల్లలు జాతీయగీతం అందుకోవాలి. మా దళం పద్ధతి అది. రషీదా ఆజ్ఞ ఇచ్చింది. పిల్లలు అందుకున్నారు. వాడు అప్పటికి ఒక బారెడు దిగాడు. పాట వినబడగానే ఆగిపోయాడు.

పాట మొదలైతే ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండాలని, ముఖం మీద ఈగ వాలినా కదలకూడదని వాళ్లకి చెప్పింది నేను. మూడేళ్లు అదే చెప్పాను. తడిసిన గొట్టాన్ని కాళ్లతో చుట్టేసి, తల నిటారుగా పెట్టి వాడు అలా ఉండిపోయాడు. పాట సగం దాటాక వాడి అరచేతులు జారడం చూశాను. ఒకసారి సర్దుకున్నాడు. మళ్లీ జారాయి. నేను కింద నిటారుగా నిలబడి ఉన్నాను. నేనూ కదలలేదు.

వెనక్కి పడ్డాడు. తల సిమెంటు దిమ్మ అంచుకి తగిలింది. వెనక వరసలోని చిన్నపిల్లలకి కనబడలేదేమో, ఇంకాసేపు పాడుతూనే ఉన్నారు.

ఇటుకల లారీ ఒకటి దొరికింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తుండగా, గోపాలపట్నం దాటకముందే, నా ఒళ్లో ప్రాణం పోయింది.

హెడ్మాస్టరు నివేదిక రాయమన్నారు. రాశాను. "ముడి బిగుసుకుపోవడం వల్ల" అని రాశాను. ఎవరు బిగించారో రాయలేదు. ఆయనా అడగలేదు. సంతాపసభలో మాత్రం, కుర్రవాడు కట్టడంలో చిన్న పొరపాటు చేసినా క్రమశిక్షణలో ఆదర్శంగా నిలిచాడని అన్నారు. జగ్గారావు, అతని భార్య నారాయణమ్మ ముందు వరసలో కూర్చుని విన్నారు. పొరపాటు అన్నచోట అతను తలెత్తాడు. మళ్లీ దించుకున్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు జగ్గారావు బడికి వచ్చాడు. గుండు మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. చేతిలో జెండా తాడంత సన్నటి నూలుతాడు ముక్క. కూర్చోమంటే కూర్చోలేదు. వరండా స్తంభానికి ఆ తాడుతో ముడి వేశాడు.

"సూడమ్మా. నాను ఆడికి నేర్పింది ఇదే. ఇందల తప్పేటైనా ఉందా?"

లేదన్నాను.

లాగాడు. విడిపోయింది. మళ్లీ కట్టాడు, లాగాడు, విడిపోయింది. నా బల్ల మీది కూజాలో నీళ్లు తీసుకుని తాడు తడిపి మూడోసారి కట్టాడు. అదీ విడిపోయింది.

"మరెందుకు ఊడలేదమ్మా? ఆడు మర్సిపోనాడంటావా?"

"వాడు మరిచిపోలేదు," అన్నాను. అంతవరకు నిజమే. తరవాతి మాట నోటి దాకా వచ్చింది. దాని బదులు, ఆ రోజు వాన అని, గాలి అని చెప్పాను.

అతను తాడు విప్పి, తడి పిండాడు.

"నాదే తప్పమ్మా," అన్నాడు చివరికి. "నా సెయ్యి మోటుది. ఓడకి బిగించినట్టే బిగించడం నేర్పేసేను. పిల్లడు, నాను సెప్పినట్టే సేసేడు."

కాదు అనలేదు నేను. ఆ ఒక్క మాట చాలు కదా. గంట కొట్టారు. పిల్లలు బయటికి వచ్చారు. అతను తాడు చుట్టి జేబులో పెట్టుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

రషీదా దళం మానేసింది. కారణం అడగలేదు నేను. పరీక్షలైపోయిన రోజు తానే స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపల ఎవరూ లేరని చూసుకుంది.

"నాను ఎవులికీ సెప్పలేదు టీచర్. మాయమ్మక్కూడా," అంది.

మంచిపని చేశావనలేదు, చెప్పాల్సిందనీ అనలేదు. పదిహేనేళ్ల పిల్ల, నాకోసం ఆ మాట ఏడు నెలలుగా లోపల దాచుకుంది. కళ్ల కింద నల్లబడింది.

"వెళ్లమ్మా, బస్సు పోతుంది," అన్నాను.

ఆమె పెళ్లి చేసుకుని విజయనగరం వెళ్లిందని విన్నాను. ఇప్పటికీ ఎవరికీ చెప్పి ఉండదు.

జగ్గారావు తాళ్ల పని వదిలేశాడు. తన చేతులు ఇక ముడికి పనికిరావని పైవాళ్లకి అర్జీ పెట్టుకున్నాడని అతని జట్టు మేస్త్రి చెప్పాడు. ఇరవై రెండేళ్లు చేసిన పని. గోడౌను కాపలాకి వేశారు. అక్కడ జీతం తక్కువ, తాళ్లు లేవు. నారాయణమ్మ అతనితో పెద్దగా మాట్లాడదట. ఓడకి కట్టే ముడి నేర్పి కొడుకుని పోగొట్టేవని ఒకసారి అందట. ఆ తరవాత ఆ మాట మళ్లీ అనలేదట. అనకపోయినా అతనికి వినబడుతూనే ఉంటుంది.

నేను దళం వదిలేశాను. తరవాత బడి కూడా మారాను. ఇది రాస్తున్నది 1986లో. అప్పుడప్పుడు పోర్టు బస్సులో జగ్గారావు కనిపిస్తాడు. నన్ను చూస్తే లేచి నిలబడి చోటిస్తాడు. పక్కవాళ్లకి, మావోడి టీచరమ్మ, ఆడి తల ఒళ్లో ఎట్టుకుని తీసుకెళ్లిందని చెబుతాడు. కూర్చుంటాను. నా ఆరోగ్యం అడుగుతాడు. ఆ వయసు పిల్లలు ఎవరైనా బస్సెక్కితే మాట ఆపి వాళ్లని చూస్తాడు. నా స్టాపు వస్తుంది, దిగుతాను.

మొన్న ఆదివారం వాళ్లింటి దాకా వెళ్లాను. తలుపు తీసే ఉంది. లోపల నారాయణమ్మ బియ్యం ఏరుతోంది. అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను వాళ్లు చూడలేదు. సందు చివర కాసేపు నిలబడి వెనక్కి వచ్చాను.

జగ్గారావుకి నేనింకా చెప్పలేదు.