నేల పల్చబడిన శుక్రవారం

వల్లూరు సోలార్ పార్కులో కొత్త పనులు మొదలయ్యాక ధనుశ్రీకి సైటాఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం దొరికింది. ఏ తేదీకి ఏది కడతారో, ఏది తీసేస్తారో తెరమీద బొమ్మల్లో నడిపి చూపించే సాఫ్ట్‌వేర్ అది. ఏ వస్తువు ఎలా కనబడాలో ఆమే పెట్టాలి. కట్టబోయేవి పచ్చగా, తీసేసేవి ఎర్రగా, పూర్తయినవి సొంత రంగులో. సాయంత్రం ఆమె సేవ్ చేసి వెళితే తెల్లారేసరికి ఆ రంగులు చేలమీదికి వచ్చేసేవి. ఊళ్లో అందరికీ అది అలవాటే. బండ ఎర్రబడితే గొర్రెలు కాసే ఓబళప్ప మందను ఇంకోచోటికి తోలుకుపోయేవాడు.

ఓ గురువారం ఇంజనీరు మధుకుమార్ వచ్చాడు.

"రేపు పెద్ద సార్లు వస్తారమ్మా. భూమిలో పోయే కేబుళ్లు కనపడాల. నేలని కొంచెం పల్చగా పెట్టు."

ఆమె నేలను నూటికి డెబ్బై పాళ్లు పారదర్శకంగా మార్చి ఇంటికెళ్లింది.

మర్నాడు బస్సు దిగి అడుగేయబోయి ఆగిపోయింది. కాళ్లకింద మట్టి గాజులా ఉంది. చీమల గదులు, తుమ్మవేళ్లు, ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్న నాగటి కర్రు, ఇంకా లోతున నల్లరాతి పొరలు. ఎవరూ గొంతెత్తడం లేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడుస్తున్నారు.

ఆఫీసు ఊడ్చే నరసక్క ఎదురొచ్చింది. "పాపా, మా చేన్లోకి ఒక్కసారి రా."

ఆ చేనును సోలార్ పలకలకోసం లీజుకిస్తూ వచ్చే సోమవారం నరసక్క సంతకం పెట్టాలి. అందులో నరసక్క మొగుడు ఆదినారాయణప్ప ఆరేళ్లు ఒంటిచేత్తో బావి తవ్వాడు. రాయి అడ్డుపడి వదిలేసి పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఆ దిక్కుకే పోలేదు.

ఇప్పుడు ఆయన బావిపక్కన బోర్లా పడుకుని కిందికి చూస్తున్నాడు. ధనుశ్రీ కూడా వంగి చూసింది. బావి అడుగున రాయి. ఆ రాయికింద బండిబాటంత వెడల్పున నీళ్లు, నల్లగా, నిదానంగా, నాగలమడిక ఏటి దిక్కునుంచి కదిలిపోతున్నాయి.

"మూరెడు రాయి పాపా. మూరెడే," అన్నాడాయన.

బావి అంచులు ఎర్రగా ఉన్నాయి. వచ్చేవారం పూడ్చేయాలని ఆ రంగు పెట్టింది ధనుశ్రీయే.

"సాయంత్రానికి నేల మూసేస్తావా?"

"మూయాల్సిందే తాతా."

"మూసెయ్. నేను చూసుకున్నా."

ధనుశ్రీ మధుకుమార్‌ని పిలుచుకొచ్చింది. ఆయన చాలాసేపు మోకాళ్లమీద కూర్చుని చూశాడు.

"ఇంకా సంతకం కాలేదు గదా సార్?"

"కాలేదు." ఆయన లేచి, ప్యాంటు దులుపుకోవడం కూడా మరిచిపోయాడు. "వాళ్లు వద్దంటే వద్దు. కేబుల్ పక్కనించి తిప్పుదాం."

ఆ సాయంత్రం ఆమె నేలను మళ్లీ గట్టిపరిచింది. బావికి దాని సొంత రాతిరంగు ఇచ్చింది.

సోమవారం నరసక్క సంతకానికి పోలేదు. అరవైఎనిమిదేళ్ల ఆదినారాయణప్ప నడుముకు తాడు కట్టుకుని, గడ్డపార పట్టుకుని బావిలోకి దిగాడు. రోజూ దిగాడు. పదకొండో రోజు మధ్యాహ్నం గడ్డపార చప్పుడు ఆగిపోయింది.

నరసక్క గట్టుమీదినుంచి వంగింది. "ఏమయ్యా! ఏమైంది?"

తాడు పట్టుకుని లాగి చూసింది.

"ఏమే," అని వినపడింది చివరికి, "నా కాళ్లు తడుస్తా ఉండాయి."